ఉమ్మడి కంప్యూటరు: పరికరముల వంతు ఎవరిది?

చెరువు క్రింద సాగు చేయు గ్రామములలో నీటి వంతు అనునది అందరెరిగిన విషయమే. చెరువు ఊరందరిది. తూము ఒక్కటి, పొలములు పెక్కు. ఒకరి వంతు నడచుచుండగా మరియొకరి మడవలోనికి నీరు పోరాదు. ఈ క్రమము చెడకుండ చూచుటకే నీరుగంటి యుండెడివాడు. తెలంగాణమున ఆయనను నీరటికాడు అందురు. నీరు అందరిదే యైనను, ఏ వేళకు అది ఎవరి పొలమునకు పారవలెనో నిర్ణయము కానిచో తగవులు తప్పవని మన పెద్దలకు బాగుగ తెలియును.

పంచాయతీ కార్యాలయమునందలి కంప్యూటరు గూడ ఇట్టి ఉమ్మడి వస్తువే. ఉదయము కార్యదర్శి దానియెదుట కూర్చుండును. మధ్యాహ్నము ఆపరేటరు కూర్చుండును. ఒక్కొక్కప్పుడు మండలమునుండి వచ్చిన ఉద్యోగి తన పని చూచుకొనును. ప్రతివారికిని వేరువేరు పేర్లు, వేరువేరు పాస్‌వర్డులు ఉన్నవి గదా, ఇక భయమేమి యని పలువురు సభ్యులు తలంచుచుందురు. పాస్‌వర్డు చాల అవసరమే. కాని అది కాపాడునది ముఖ్యముగా కాగితములను, అనగా కంప్యూటరులో దాచిన దస్త్రములను. ఆ యంత్రమునకు తగిలించిన కెమెరా, మైకు, వేలిముద్ర యంత్రము, ప్రింటరు, పెన్ డ్రైవు, డిజిటల్ సంతకపు టోకెను మున్నగు పరికరముల సంగతి వేరు. దస్త్రమునకు యజమాని స్థిరముగా ఒక్కడే యుండును. పరికరమునకు మాత్రము, ఎవరు యంత్రము ముందు కూర్చున్నచో వారే ఆ వేళకు యజమాని. ఈ భేదమును, దానివలన కలుగు చిక్కులను, పంచాయతీ చేయదగిన ఏర్పాట్లను మేమీ పాఠమున వివరింప దలచితిమి.

ఒక యంత్రము, పలువురు వాడుకరులు

ఒక కంప్యూటరును పలువురు పంచుకొనుట క్రొత్త విషయము కాదు. తొలినాళ్ళలో కంప్యూటరు మిక్కిలి ఖరీదైనది. ఒక్కరికొరకు ఒక యంత్రమును కేటాయించుట అసాధ్యము. అందుచే అమెరికా దేశమునందలి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బటో నాయకత్వమున ఒక పద్ధతి రూపొంది, 1961లో ప్రదర్శింపబడెను. యంత్రము తన కాలమును చిన్న చిన్న తునకలుగా చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్క తునక చొప్పున వంతులవారీగా పంచిపెట్టును. వంతులు మిక్కిలి వేగముగా మారుటచే, యంత్రమంతయు తనదేయని ప్రతి వాడుకరికిని తోచును. ఒకరి కాగితములను మరియొకరు చూడకుండుటకై పాస్‌వర్డు కూడ అప్పుడే వాడుకలోనికి వచ్చెను.

1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలగువారు యూనిక్స్ అను నిర్వహణ వ్యవస్థను ప్రారంభించిరి. నేటి లినక్స్ ఆ పద్ధతులనే అనుసరించి నడచుచున్నది. అందొక గొప్ప సౌలభ్యము కలదు. ప్రతి పరికరమును ఒక దస్త్రము వలెనే యంత్రమునకు కనబడును. కెమెరాకు ఒక పేరు, మైకునకు ఒక పేరు, ప్రింటరునకు ఒక పేరు. దస్త్రమును చదువుటకు, వ్రాయుటకు ఎవరికి అనుమతి కలదో వ్రాసినట్లే, పరికరమును తెరచుటకు ఎవరికి అనుమతి కలదో కూడ వ్రాయవచ్చును. యజమానికి ఒక అనుమతి, ఒక గుంపునకు ఒక అనుమతి, తక్కినవారికి ఒక అనుమతి. ఈ మూడు మెట్ల పద్ధతి నేటికిని నిలిచియున్నది.

ఆనాడు ఒక్కొక్క వాడుకరి తన తన గదిలో, తన తన టెర్మినలు ముందు కూర్చుండెడివాడు. ఒకే తెర, ఒకే కీబోర్డు పలువురి చేతులు మారుట తరువాతి కాలమున ప్రబలెను. 2001లో విండోస్ ఎక్స్‌పీ అను వ్యవస్థతో ఫాస్ట్ యూజర్ స్విచింగ్ అను వసతి సామాన్య కార్యాలయములకు వచ్చెను. దానివలన మొదటివాడు తన పనిని ముగింపకయే లేచిపోవచ్చును. రెండవవాడు తన పేరుతో ప్రవేశించి తన పని చూచుకొనవచ్చును. మొదటివాని ప్రోగ్రాములు తెర వెనుక నడచుచునే యుండును. వసతి మంచిదే. కాని చిక్కునకు మూలము కూడ ఇందే కలదు.

సెషను, ఆసనము అను మాటల అర్థము

ఇకమీద చెప్పబోవు విషయము తెలియుటకు రెండు మాటలు గుర్తుంచుకొనవలెను.

మొదటిది సెషను. ఒక వాడుకరి పేరు, పాస్‌వర్డు ఇచ్చి లోనికి వచ్చిన క్షణము మొదలు, లాగ్ అవుట్ చేసి బయటికి పోవు వరకు నడచునది ఒక సెషను. ఒకే యంత్రమున ఒకే వేళ రెండు మూడు సెషనులు ఉండవచ్చును. తెరమీద కనబడుచు, కీబోర్డు మాట వినుచున్నది క్రియాశీల సెషను. తక్కినవి నేపథ్య సెషనులు. ఇవిగాక, వేరొక ఊరినుండి ఇంటర్నెట్టు ద్వారా వచ్చి చేరిన దూరపు సెషనులు కూడ ఉండవచ్చును.

రెండవది ఆసనము. ఒక తెర, ఒక కీబోర్డు, ఒక మౌసు, వానికి తోడుగా నున్న కెమెరా, మైకు మున్నగునవన్నియు కలిసి ఒక ఆసనము. ఆసనము ఒక్కటియైనచో, ఎన్ని సెషనులున్నను ఒక వేళకు ఒక్కటే క్రియాశీలముగా నుండును. మరియొక తెరను, కీబోర్డును చేర్చి ఒకే పెట్టెకు రెండు ఆసనములు కూడ ఏర్పరుపవచ్చును.

తెరకు తాళము వేయుట, వాడుకరిని మార్చుట, లాగ్ అవుట్ చేయుట అను మూడును ఒక్కటి కావు. తాళము వేసినను సెషను బ్రతికియే యుండును. వాడుకరిని మార్చినను బ్రతికియే యుండును. లాగ్ అవుట్ చేసినప్పుడు మాత్రమే సెషను ముగియును. మన కార్యాలయములలో ఈ మూడింటిని ఒక్కటిగా భావించుటయే పెక్కు అనర్థములకు కారణము.

పాత పద్ధతి, అందలి లోపము

లినక్స్ యంత్రములలో చాలకాలము పరికరముల అనుమతి గుంపుల ద్వారా జరిగెను. ఆడియో అని ఒక గుంపు, వీడియో అని ఒక గుంపు. ఎవరి పేరు ఆడియో గుంపులో చేరినదో వారికి మైకును తెరచు హక్కు వచ్చును. పద్ధతి సులభమే. కాని ఇందు కాలమునకు తావు లేదు. ఆ హక్కు ఆ మనుష్యుడు యంత్రము ముందున్నప్పుడును ఉండును, లేనప్పుడును ఉండును. చెరువు తూమునకు తాళపుచెవులు పదింటిని చేయించి, ఆయకట్టుదారులు పదిమందికి శాశ్వతముగ పంచియిచ్చినట్లే యిది. వంతు అను మాటకే అర్థము లేకపోవును.

దీనివలన ఏమి జరుగవచ్చునో ఊహింతము. ఒక కార్యాలయమున ఇద్దరు ఉద్యోగులున్నారనుకొందము. ఇద్దరి పేర్లును ఆడియో గుంపులో కలవు. మొదటివాడు ఇంటికి పోయి, అక్కడినుండి దూరపు సెషను ద్వారా కార్యాలయపు యంత్రములోనికి వచ్చును. రెండవవాడు ఆ వేళ యంత్రము ముందు కూర్చుండి, ఒక ఆడపడుచు తన కుటుంబ కలహమును గూర్చి చెప్పుకొనుచున్న అర్జీని వినుచున్నాడు. మొదటివాడు తన ఇంటనుండియే మైకును తెరచి ఆ మాటలన్నియు వినగలడు. పాస్‌వర్డు దొంగిలింపలేదు, తాళము పగులగొట్టలేదు. అనుమతి వ్రాసిన పద్ధతియే అట్టిది.

ఇంకొక లోపము గలదు. ఒకని పేరును గుంపునుండి తీసివేసినను, అప్పటికే నడచుచున్న అతని సెషనునకు ఆ హక్కు పోదు. అతడు లాగ్ అవుట్ చేసి మరల వచ్చినప్పుడే ఆ మార్పు అమలులోనికి వచ్చును.

వంతు నడపు క్రొత్త పద్ధతి

ఈ లోపమును సరిచేయుటకు, హక్కును మనుష్యునికి శాశ్వతముగ గాక, అతని వంతునకు మాత్రమే ముడిపెట్టు పద్ధతి వచ్చెను. లినక్స్ యంత్రములలో ఈ పనిని మొదట కన్సోల్‌కిట్ అను ప్రోగ్రాము చేసెను. 2011 నుండి సిస్టమ్‌డీ అను కూర్పులోని లాగిన్‌డీ అను ప్రోగ్రాము ఆ స్థానమునకు వచ్చెను. లాగిన్‌డీని కంప్యూటరులోని నీరుగంటి యనవచ్చును. అది చేయు పని యిట్టిది.

యంత్రమున ఎన్ని సెషనులున్నవో, ఏది ఏ ఆసనమునకు చెందినదో, ఏది క్రియాశీలముగా నున్నదో అది కనిపెట్టి యుండును. కెమెరా, మైకు, స్కానరు వంటి పరికరములపై, ఎదుట కూర్చున్నవారికి ఇయ్యదగినవి అని ముందే ఒక గుర్తు వేయబడి యుండును. ఒకని సెషను క్రియాశీలము కాగానే, గుర్తు గల పరికరముల అనుమతి పట్టికలో అతని పేరు చేర్చబడును. వేరొకడు వచ్చి తన సెషనునకు మార్చుకొనగానే, మొదటివాని పేరు కొట్టివేయబడి రెండవవాని పేరు వ్రాయబడును. మడవ కట్టి వేరొక మడవ తీసినట్లే యిది క్షణములో జరిగిపోవును. దూరపు సెషనునకు ఆసనము లేదు గనుక, వానికి ఈ అనుమతి రాదు. పైన ఊహించిన మొదటి ఉద్యోగి ఇంటినుండి మైకును తెరవలేడు.

కాని యొక్క షరతు. పాత గుంపులలో అతని పేరు ఇంకను ఉన్నచో, ఆ దారి తెరచియే యుండును. క్రొత్త తలుపు పెట్టి, పాత దొడ్డితలుపు మూయకున్నచో ప్రయోజనమేమి? కావున ఆడియో, వీడియో గుంపులలో అనవసరపు పేర్లు లేకుండ చూడవలెను.

పెన్ డ్రైవు విషయమున గూడ ఇట్టి న్యాయమే కలదు. క్రియాశీల సెషనులో నున్నవాడు పెన్ డ్రైవును తగిలించి తెరచినచో సాధారణముగ వెంటనే తెరచుకొనును. నేపథ్య సెషనునుండియో దూరమునుండియో ప్రయత్నించినచో నిర్వాహకుని పాస్‌వర్డు అడుగును. సి-డాక్ సంస్థవారు డెబియన్ ఆధారముగ సిద్ధపరచిన బాస్ లినక్స్ మన దేశమున 2007లో వెలువడెను. ఆ డెబియన్ 2015 నుండి సిస్టమ్‌డీనే అనుసరించుచున్నది. విండోస్ యంత్రములలో పద్ధతి వేరు. అక్కడ తగిలించిన పెన్ డ్రైవు ఆ యంత్రములో లాగిన్ అయిన తక్కిన వాడుకరులకును కనబడుట సామాన్యము. పైగా చాల పెన్ డ్రైవులు ఫ్యాట్, ఎక్స్‌ఫ్యాట్ అను పద్ధతులలో నుండును. ఈ దస్త్రము ఎవరిది అని వ్రాసికొనుటకు ఆ పద్ధతులలో తావే లేదు.

గట్టు క్రింది ఎండ్రబొరియ

ఇంతవరకు చదివినవారు, లాగిన్‌డీ యున్నచో ఇక చింత లేదని తలంపవచ్చును. ఇచ్చటనే జాగ్రత్త కావలెను. మడవ గట్టిగా కట్టినను, గట్టు క్రింద ఎండ్రబొరియ యున్నచో నీరు పారుచునే యుండును గదా. కంప్యూటరులో అట్టి బొరియ ఒకటి కలదు.

అనుమతి పట్టికను యంత్రము చూచునది, ఒక ప్రోగ్రాము పరికరమును తెరచునప్పుడు మాత్రమే. ఒకమారు తెరచిన పిదప, ఆ ప్రోగ్రాము తాను మూయువరకు మరల ఎవరును ప్రశ్నింపరు. వాకిట కావలివాడు లోనికి వచ్చువానిని ఆపగలడు గాని, ముందే లోపల కూర్చున్నవానిని చూడడు. మొదటివాడు తన వంతులో కెమెరాను తెరచి చిత్రము తీయు ప్రోగ్రామును నడపుచు, లాగ్ అవుట్ చేయక లేచిపోయెననుకొనుడు. రెండవవాడు తన సెషనునకు మార్చుకొనెను. మొదటివాని పేరు పట్టికనుండి తొలగెను. ఐనను అతని ప్రోగ్రాము చేతిలో కెమెరా అప్పటికే తెరచియున్నది. అది నడచుచునే యుండవచ్చును.

కీబోర్డు, మౌసుల విషయమున ఈ బొరియను పూడ్చిరి. 2013లో వెలువడిన లినక్స్ 3.12 కూర్పులో, తెరచియున్న హక్కును మధ్యలోనే రద్దు చేయు ఏర్పాటు వచ్చెను. దానివలన రెండవవాడు కొట్టు అక్షరములు, అతని పాస్‌వర్డుతో సహా, మొదటివాని ప్రోగ్రామునకు చేరకుండ చేయుటకు వీలు కలిగెను. కాని కెమెరా, మైకు వంటి పరికరములకు ఆ ఏర్పాటు వర్తింపదు. అచ్చట ప్రోగ్రాముల మంచి నడవడిపైననే ఆధారపడవలెను. శబ్దమును నిర్వహించు పల్స్ ఆడియో వంటి ప్రోగ్రాములు, తమ వంతు పోయినదని తెలిసికొని పరికరమును తామే విడిచిపెట్టును. దురుద్దేశముతో వ్రాసిన ప్రోగ్రాము అట్లు విడిచిపెట్టునని నమ్మరాదు.

అందుచే లాగ్ అవుట్ అను చిన్న పని యింత ముఖ్యమైనది. సెషను ముగిసి, దాని ప్రోగ్రాములు ఆగిపోయినచో, అవి పట్టుకొనిన పరికరములు తప్పక విడువబడును. ఇందును ఒక మెలకువ గలదు. లాగ్ అవుట్ చేసిన పిదప మిగిలియున్న ప్రోగ్రాములను లాగిన్‌డీ ఆపివేయునట్లు అమర్చవచ్చును. కొన్ని యంత్రములలో ఆ అమరిక ఆపియుంచబడి యుండును. నిర్వాహకుని అడిగి అది పనిచేయునట్లు చేయించుకొనవలెను. అది తెలియనిచోట, ఒకరి తరువాత ఒకరు వాడునప్పుడు యంత్రమును ఒకమారు పూర్తిగా ఆపి తిరిగి నడపుట నిశ్చింత.

సంతకపు టోకెను, వేలిముద్ర యంత్రము, ప్రింటరు

పంచాయతీకి అన్నింటికంటె విలువైన పరికరము బొటనవ్రేలంత యుండును. అదియే డిజిటల్ సంతకపు టోకెను. కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వశాఖవారి ఇ-గ్రామస్వరాజ్ పద్ధతి 2020 ఏప్రిల్ 24న ప్రారంభమయ్యెను. పిఎఫ్ఎంఎస్‌తో జతపడిన ఆ పద్ధతిలో చెల్లింపును ఒకరు సిద్ధపరచవలెను, వేరొకరు ఆమోదింపవలెను. ఇరువురును తమ తమ డిజిటల్ సంతకములతో చేయవలెను. ఇద్దరి సంతకములు వేరుగా నుండుటయే గ్రామ నిధికి కావలి. రెండు టోకెనులును ఒకే సొరుగులో నుండి, ఒకే మనిషి చేతిమీదుగా, ఒకే సెషనులో పని జరిగినచో, కాగితముమీద ఇద్దరున్నను నిజమునకు కావలి ఒక్కటియు లేదు.

టోకెనులోని రహస్యపు తాళపుచెవి బయటికి రాదు, దానిని నకలు తీయలేరు. ఇది నిజమే. కాని ఆ టోకెనును సంతకము చేయుమని ఆజ్ఞాపించునది కంప్యూటరు. టోకెను యంత్రమునకు తగిలించి, పిన్ ఇచ్చి వదలినంతసేపు, ఆ యంత్రములో నడచుచున్న వేరొక ప్రోగ్రాము దానిచే పని చేయించుకొను ప్రమాదము కలదు. కావున పని ముగియగానే టోకెనును ఊడదీయుటకు మించిన రక్ష లేదు. యంత్రమునుండి ఊడదీసిన పరికరమును ఏ సెషనును తెరవజాలదు.

చట్టము కూడ ఈ విషయమున స్పష్టముగ నున్నది. 2000వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము 42వ సెక్షను ప్రకారము, సంతకపు ధ్రువపత్రము పొందినవారు తమ రహస్యపు తాళపుచెవిని తమ అదుపులో నుంచుకొనుటకు తగిన జాగ్రత్త వహింపవలెను. అది పరులపాలైనచో ఆలస్యము లేకుండ ధ్రువపత్రము ఇచ్చిన సంస్థకు తెలుపవలెను. అట్లు తెలుపునంతవరకు బాధ్యత సంతకము గలవారిదే. టోకెనును ఆపరేటరు నొద్ద వదలితిని, నాకేమియు తెలియదు అని చెప్పుట వారిని ఆ బాధ్యతనుండి తప్పింపదు.

ఇక వేలిముద్ర యంత్రము. ఆధార్ సంస్థ 2017లో రిజిస్టరు చేసిన పరికరములనే వాడవలెనను నియమము తెచ్చెను. అట్టి పరికరము వేలిముద్రను రహస్య లిపిలోనికి మార్చి, తన సంతకముతో పంపును. ఇది గొప్ప రక్షణయే. ఐనను ఏ పనికొరకు వేలు పెట్టవలసి వచ్చినదో అది చెప్పలేదు. కావున వేలు పెట్టవలసినవారికి తెరను చూపి, ఎవరి సెషను నడచుచున్నదో, ఏ పనికొరకు ముద్ర తీసికొనుచున్నారో చదివి వినిపించు ఆచారమును పంచాయతీ నెలకొల్పవలెను. వేలు ఒకమారు, పని ఒకటి. మరల పెట్టుమన్నచో కారణము చెప్పవలెను.

ప్రింటరును గూర్చి ఒక మాట. ప్రింటరు ఆగియున్నప్పుడు పంపిన కాగితములు వరుసలో నిలిచియుండి, అది మరల నడచినప్పుడు బయటికి వచ్చును. ఆ వేళకు యంత్రము ముందు వేరొకరు ఉండవచ్చును. ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు గల పట్టికలు ఇట్లు పరులకంట పడుచుండును. లేచిపోవునప్పుడు వరుసలోని కాగితములను రద్దు చేసి పోవలెను.

సభ్యులు స్వయముగ చేయదగిన పరీక్ష

ఇదంతయు నిపుణుల విషయమని సభ్యులు వెనుదీయ నక్కరలేదు. మన యంత్రములో బొరియ కలదో లేదో పావుగంటలో తెలిసికొనవచ్చును. కార్యదర్శిని, ఆపరేటరును ఎదుట నుంచుకొని ఈ క్రింది విధముగ చేయుడు.

ఆపరేటరు తన పేరుతో ప్రవేశించి, శబ్దము పట్టు ప్రోగ్రామును నడపవలెను. లాగ్ అవుట్ చేయక, వాడుకరిని మార్చు మీటను నొక్కవలెను. కార్యదర్శి తన పేరుతో ప్రవేశించి, ఒకటి మొదలు ఇరువది వరకు బిగ్గరగా లెక్కింపవలెను. పిమ్మట ఆపరేటరు తన సెషనునకు తిరిగి పోయి, పట్టిన శబ్దమును వినిపింపవలెను. లెక్క వినబడినచో బొరియ ఉన్నట్లే. ఇట్లే కెమెరాతోను ఒకమారు చేసి చూడవలెను. కెమెరా ప్రక్కనున్న చిన్న దీపము, వాడుకరి మారిన పిదపను వెలుగుచున్నదేమో గమనింపవలెను. తరువాత ఒక పెన్ డ్రైవు తగిలించి, రెండవవానికి మొదటివాని దస్త్రములు కనబడుచున్నవేమో చూడవలెను. యంత్రము విండోస్‌దైనను లినక్స్‌దైనను ఈ పరీక్ష పనికివచ్చును. వినబడకపోయిన ప్రోగ్రాము ఒక్కటే మంచిదని తేలును గాని, అన్నియు మంచివని కాదు. కావున పరీక్షయందు ఉత్తీర్ణమైనను, క్రింది నియమములు విడువరాదు.

లినక్స్ యంత్రమైనచో, లాగిన్‌సీటీఎల్ అను ఆజ్ఞ ఇచ్చి, ఆ వేళ ఎన్ని సెషనులు తెరచియున్నవో నిర్వాహకుడు చూపగలడు. ఎవరును లేనివేళ రెండు మూడు పేర్లు కనబడినచో, లాగ్ అవుట్ ఆచారము కార్యాలయమున లేదని గ్రహింపవలెను.

పంచాయతీ తీర్మానింపదగిన నియమములు

1. యంత్రమును వాడు ప్రతివారికిని వేరు పేరు, వేరు పాస్‌వర్డు ఉండవలెను. ఒకే పేరును పలువురు వాడినచో వంతు లెక్కయే ఉండదు, బాధ్యత యెవరిదో తేలదు.

2. నిర్వాహకుని పేరు నిత్యకృత్యములకు వాడరాదు. నిర్వాహకునికి అన్ని పరికరములును తెరచుకొనును గనుక, వాని పేరుతో నడచు ప్రోగ్రామునకు అడ్డు ఉండదు.

3. లేచిపోవువారు లాగ్ అవుట్ చేసియే లేవవలెను. వాడుకరిని మార్చు వసతిని ఉమ్మడి యంత్రములలో మూయించుట మేలు. విండోస్‌లోను, లినక్స్‌లోను దీనికి వీలు గలదు.

4. టోకెనును ఎవరిది వారే దాచుకొనవలెను. తగిలించుట, సంతకము, ఊడదీయుట, ఈ మూడును యజమాని కన్నులయెదుట జరుగవలెను. పిన్ కాగితముపై వ్రాసి టోకెనుతో కలిపి ఉంచరాదు.

5. దూరమునుండి యంత్రములోనికి వచ్చు దారులు అవసరము లేనిచో మూయవలెను. మరమ్మతుకొరకు తెరచినచో, పని ముగిసిన పిదప మరల మూసిరని చూడవలెను.

6. కెమెరాకు మూత వేయవలెను. వేరుగా తగిలించు మైకైనచో అవసరము లేనప్పుడు ఊడదీయవలెను. విండోస్ 10 నుండి సెట్టింగులలో ఏ ప్రోగ్రామునకు కెమెరా, మైకు అనుమతి యున్నదో చూపు పట్టిక గలదు. దానిని నెలకొకమారు చూడవలెను.

7. యంత్రమునకు తగిలించు పరికరములన్నిటికి ఒక రిజిస్టరు ఉంచవలెను. పరికరము పేరు, ఎవరి అధీనము, ఎప్పుడు తగిలించిరి, ఎప్పుడు తీసిరి అను విషయములు వ్రాసినచో చాలును.

8. ఉద్యోగి బదిలీపై పోయినచో, అతని పేరును అదే దినమున మూయవలెను. మూసిన పిదప యంత్రమును ఒకమారు ఆపి తిరిగి నడపవలెను. ఏలయన, తెరచియున్న సెషనునకు పాత హక్కులు మిగిలియుండునని పైన చెప్పియుంటిమి.

ఈ నియమములలో ఖర్చుతో కూడినది దాదాపు ఏదియు లేదు. కావలసినది క్రమము. క్రమమును ఉద్యోగులపై నెపముగ గాక, వారికి రక్షణగా పెట్టవలెను. ఏదైన పొరపాటు జరిగినప్పుడు, ఆ వేళ యంత్రము ఎవరి వంతులో నుండెనో రిజిస్టరు చెప్పగలిగినచో, నిర్దోషియైన ఉద్యోగి నిందనుండి బయటపడును. గ్రామస్థుల ఆస్తి వివరములు, పింఛను వివరములు, వారి గొంతులు, వారి ముఖములు ఆ యంత్రము ఎదుటికి వచ్చుచున్నవి. వానిని కాపాడు పని యంత్రము తానంతట తాను పూర్తిగ చేయలేదు. మిగిలిన భాగము పంచాయతీ సభ్యులదే.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

మన కార్యాలయపు కంప్యూటరులో ఎందరి పేర్లు ఉన్నవి? వారిలో బదిలీయై పోయినవారెవరు?

సాయంకాలము తలుపు మూయునప్పుడు సంతకపు టోకెనులు ఎక్కడ నుండును? రెండును ఒకచోట నున్నవా?

తెరకు తాళము వేయుటకు, లాగ్ అవుట్ చేయుటకు గల భేదమును మన ఉద్యోగులు చెప్పగలరా?

శబ్దపు పరీక్షను మన యంత్రమున ఎప్పుడు చేయుదము? ఫలితమును తీర్మానముల పుస్తకమున ఎవరు వ్రాయుదురు?